పాత టూ స్ట్రోక్ బోటు ఇంజిన్: జబ్బు కనిపెట్టడం, సరిచేయడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు బోట్లతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం పెట్టారు. ఆ రెండు నెలలూ రేవుల్లో వేరే పనులు జోరుగా సాగుతాయి. వలలు బాగుచేసుకుంటారు, బోటు అడుగు గీకి రంగు వేస్తారు, ఇంజిన్ విప్పుతారు. విశాఖ, భీమిలి వైపు ఇసుక మీదికి లాగి పెట్టిన ఫైబర్ బోట్ల వెనక చెక్కకు బిగించి ఉండే ఇంజిన్లను మీలో చాలామంది చూసే ఉంటారు. మా తరగతిలో ముగ్గురి ఇళ్ళు రేవు పక్కనే. వేట నిషేధమూ మన వేసవి సెలవులూ ఒకేసారి వస్తాయి కాబట్టి రెండేళ్ళుగా ఆ సెలవుల్లో కొన్నాళ్ళు, రేవులో ఇదే పనిగా జీవితం గడిపిన ఒక మేస్త్రి పక్కన కూర్చుని మేము ఈ ఇంజిన్ల పని నేర్చుకుంటున్నాం. భౌతికశాస్త్రంలో చదివిన పీడనం, ఘర్షణ, ఉష్ణం, విద్యుత్ ప్రేరణ అన్నీ ఆ మూత కిందే కనబడ్డాయి.

రోడ్డు మీద బండి ఆగితే దిగి తోసుకుంటూ వస్తాం. ఒడ్డుకు పది కిలోమీటర్ల దూరాన ఇంజిన్ ఆగితే బోటు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే రేవులో ఇంజిన్‌ను పని చేస్తుందా అని అడగరు, నమ్మొచ్చా అని అడుగుతారు. ఈ వ్యాసంలో మేము చెప్పేది పాతకాలపు ఇంజిన్ల సంగతి: కార్బొరేటర్ ఉన్నవి, తాడు లాగి స్టార్ట్ చేసేవి, పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసేవి, 8 నుంచి 25 అశ్వశక్తి దాకా ఉన్నవి.

ముందు ఈ ఇంజిన్ నడిచే తీరు చూద్దాం. మోటారు సైకిళ్ళలో ఇప్పుడు ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. 1878లో స్కాట్లండ్‌కు చెందిన డుగాల్డ్ క్లర్క్ టూ స్ట్రోక్ ఇంజిన్ తయారు చేశాడు. దానికి మిశ్రమాన్ని లోపలికి నెట్టే పంపు విడిగా ఉండేది. తర్వాత జోసెఫ్ డే అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఆ పంపు అక్కర్లేకుండా పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గదినే పంపుగా వాడుకున్నాడు. మన రేవుల్లోని ఇంజిన్లన్నీ ఆ పద్ధతివే. పిస్టన్ పైకి పోతుంటే కింద గదిలో పీడనం తగ్గి, కార్బొరేటర్ నుంచి గాలీ పెట్రోలూ ఆయిలూ కలిసిన మిశ్రమం రీడ్ వాల్వులనే పలుచని రేకులను తోసుకుని లోపలికి వస్తుంది. పిస్టన్ దిగుతుంటే రేకులు మూసుకుంటాయి, మిశ్రమం ఒత్తిడికి గురై పక్క దారుల గుండా సిలిండర్‌లోకి ఎగదన్నుతుంది, కాలిన పొగను బయటికి తోస్తుంది. ఆ తోపులో కొంత తాజా మిశ్రమం కూడా కాలకుండానే పొగతో పోతుంది. పాత ఇంజిన్లు పెట్రోలు ఎక్కువ తాగడానికి, వాటి వెనక నీటి మీద రంగురంగుల తెట్టు తేలడానికి కారణం ఇదే.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఫోర్ స్ట్రోక్‌లో కింద ఆయిలు తొట్టి ఉంటుంది, పంపు ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. క్రాంక్ బేరింగులకు, పిస్టన్‌కు, రింగులకు అందే ఆయిలంతా పెట్రోలుతో కలిసి కార్బొరేటర్ గుండానే రావాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పబోయేదంతా తేలికగా అర్థమవుతుంది. పెట్రోలు తగ్గించామంటే ఆయిలు తగ్గించినట్టే. ఆయిలు తగ్గడమే కాదు, మిశ్రమంలో గాలి పాలు పెరిగి మంట వేడి కూడా పెరుగుతుంది. వేడి పెరుగుతున్న చోటే తడి తగ్గుతోందన్నమాట.

ఆయిలు లెక్క ఎలా ఉంటుందో చూడండి. చాలా ఇంజిన్లకు 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిలు. అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200, 24 లీటర్ల ట్యాంకుకు 480. కొత్త పిస్టన్ వేసినప్పుడు మొదట్లో కొన్ని గంటలపాటు దీనికి రెట్టింపు కలుపుతారు. కొన్నింటికి 100కి ఒకటి చాలని కంపెనీ రాసి ఉంటుంది. ఏది సరైనదో ఆ ఇంజిన్ పుస్తకం చూసి తెలుసుకోవాలి. గ్లాసు లెక్క, మూత లెక్క పనికిరావు. మన ల్యాబులో వాడే కొలపాత్ర లాంటిది ఒకటి ఇంజిన్ పెట్టెలో ఉంచుకోమని మేము మా మిత్రుల ఇళ్ళలో చెప్పాం. ట్యాంకులో సగం పెట్రోలు పోసి, ఆయిలు పోసి, మూత పెట్టి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పోయాలి. మొత్తం నింపాక ఆయిలు వంపితే అది అడుగున కూర్చుంటుంది.

ఆయిలు ఎక్కువైతే మంచిదేగా అని రేవులో చాలామంది అంటారు. పూర్తిగా నిజం కాదు. కార్బొరేటర్ జెట్టు రంధ్రం సైజు మారదు. అందులోంచి వచ్చేదానిలో ఆయిలు పాలు పెరిగితే పెట్రోలు పాలు ఆ మేరకు తగ్గుతుంది. పైగా ప్లగ్గు మసిబారుతుంది, రింగులు గాడుల్లో మసితో అతుక్కుపోతాయి. ఇక ఆయిలు రకం. నీటితో చల్లబడే బోటు ఇంజిన్లకు టీసీ డబ్ల్యూ 3 అని గుర్తు వేసిన ఆయిలు విడిగా దొరుకుతుంది. అది కాలితే బూడిద మిగలదు. గాలితో చల్లబడే మోటారు సైకిల్ కోసం చేసిన టూ స్ట్రోక్ ఆయిలు వాడితే పిస్టన్ తల మీద బూడిద పేరుకుంటుంది, అది నిప్పుకణికలా ఎర్రబడి స్పార్కు రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది.

పెట్రోలు గురించి ఇప్పుడు కొత్త సంగతి ఒకటి చేరింది. మన దేశంలో బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు తేమ గాలిలో వారాల తరబడి సగం ఖాళీ ట్యాంకులో ఉంచితే నీరు చేరి చేరి, ఒక దశలో నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకు గొట్టం పీల్చేది అడుగు నుంచే. ఆ అడుగు పొరలో ఆయిలు సరిగా కలవదు. ఇంజిన్ ఆగిపోతే అదృష్టమే, ఆగకుండా కాసేపు నడిస్తే ఇంకా నష్టం. పాత ఇంజిన్ల రబ్బరు గొట్టాలు, పంపులోని పొరలు కూడా ఇథనాల్ కోసం చేసినవి కావు, మెత్తబడి పొడిపొడిగా ఊడుతాయి. నిషేధం మొదలైన రోజే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు కూడా తీసేయాలి. అనుమానం వస్తే ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి ఓ గంట కదపకుండా ఉంచితే రెండు పొరలున్నాయో లేదో కంటికే తెలుస్తుంది.

ఇక జబ్బు కనిపెట్టే పని. మేస్త్రి దగ్గర మేము నేర్చుకున్న మొదటి పద్ధతి పానా తీయకముందు ప్రశ్నలు అడగడం. అసలు స్టార్టు కావడం లేదా? స్టార్టయి కాసేపటికి ఆగుతోందా? నడుస్తోంది కానీ బలం లేదా? ఇవి మూడూ మూడు దారులు. రెండో నియమం, ఒకసారి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు మార్చి, మర తిప్పి, గొట్టం కూడా మార్చి ఇంజిన్ బాగుపడితే ఏది జబ్బో ఎప్పటికీ తెలియదు. ల్యాబులో ఒక చలరాశిని మాత్రమే మారుస్తూ మిగతావి స్థిరంగా ఉంచే పద్ధతే ఇది.

స్టార్టు కాని ఇంజిన్‌కు మొట్టమొదట చూడాల్సింది చేతికి కట్టుకునే ఎర్ర తాడు. మనిషి నీళ్ళలో పడితే ఇంజిన్ ఆగిపోవడానికి పెట్టిన తాడు అది. దాని క్లిప్పు ఊడి ఉంటే ఎంత లాగినా స్పార్కు రాదు. నవ్వొచ్చేంత చిన్న విషయమే కానీ, భుజం నొప్పి పుట్టేదాకా తాడు లాగి తర్వాత దాన్ని గమనించిన పెద్దవాళ్ళను మేమే చూశాం.

తర్వాత ప్లగ్గులు విప్పాలి. రెండు సిలిండర్లుంటే ఏది దేనిదో గుర్తు పెట్టుకుని వరసగా ఒక గుడ్డ మీద పెట్టాలి. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, మండటం లేదు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉండి, మొన మీద సన్నని బొబ్బలు కనబడితే ప్రమాదం: మిశ్రమంలో పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. ఒక ప్లగ్గు తడిగా, రెండోది గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఒంటి కాలి మీద నడుస్తోందని అర్థం. అప్పుడు ఆ ఒక్క సిలిండర్ సంగతే చూడాలి.

స్పార్కు చూడటానికి ప్లగ్గును వైరుకు తగిలించి దాని లోహపు ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించి తాడు లాగుతారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్లగ్గు రంధ్రాల నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, కాబట్టి రవ్వను ఆ రంధ్రానికి దూరంగా ఉంచాలి. రెండు, వైర్లను గాలికి వదిలేసి లాగకూడదు. పోవడానికి దారి లేని వోల్టేజీ కాయిల్‌నో సీడీఐ పెట్టెనో లోపలే కాల్చేస్తుంది. స్పార్కు నీలంగా, చిటపటమని రావాలి. పసుపుగా సన్నగా వస్తే చాలదు. బయట గాలిలో వచ్చిన రవ్వ లోపల కూడా వస్తుందని నమ్మకం లేదు. పీడనం పెరిగేకొద్దీ అదే ఖాళీని దూకడానికి రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట బాగా కనబడి, లోపల నొక్కిన మిశ్రమంలో ఆరిపోయే స్పార్కులు ఉంటాయి. అందుకే మేస్త్రులు ప్లగ్గు ఖాళీకన్నా బాగా ఎక్కువ దూరం దూకించి చూస్తారు.

బాగా పాత ఇంజిన్లలో ఫ్లైవీల్ కింద పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం తీగచుట్ట ముందు నుంచి పోతుంటే కరెంటు పుడుతుంది, పాయింట్లు విడిపోయిన క్షణాన అది తెగి కాయిల్‌లో ఎక్కువ వోల్టేజీ వస్తుంది. ఫారడే నియమం ఇంత చవకగా ఇంకెక్కడా కనబడదు. ఉప్పు గాలికి ఆ పాయింట్ల ముఖాల మీద తెల్లటి పొర కడుతుంది. గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే పోతుంది. ఖాళీని రేకుల గేజితో చూసి పుస్తకంలో చెప్పినంతే పెట్టాలి. తర్వాతి ఇంజిన్లలో పాయింట్లు లేవు, సీడీఐ అనే మూసిన పెట్టె ఉంటుంది. దాన్ని విప్పలేం. దానికి వచ్చే వైర్ల కొనలు, ఎర్త్ వైరు బిగువు చూడగలం. సముద్రం మీద తిరిగే ఇంజిన్‌లో పెట్టె చెడిందనుకున్న చాలాసార్లు చెడింది పచ్చగా చిలుము పట్టిన ఎర్త్ వైరే.

స్పార్కు ఉంది, పెట్రోలు ఉంది, అయినా తాడు చేతిలోంచి వెనక్కి గుంజుతోంది, కార్బొరేటర్ నోట్లోంచి మంట వస్తోంది అంటే ఫ్లైవీల్ కింది చిన్న తాళం ముక్క తెగి ఉండొచ్చు. అది తెగితే ఫ్లైవీల్ కొద్దిగా పక్కకు తిరిగి స్పార్కు సమయం మారిపోతుంది. ఆ కొద్ది ఎంత విలువైనదో లెక్క కట్టాం. నిమిషానికి 5000 చుట్లంటే సెకనుకు 83 చుట్లు, సెకనుకు 30,000 డిగ్రీలు. పిస్టన్ పైకొనకు చేరడానికి 25 డిగ్రీల ముందు స్పార్కు రావాలంటే, అది 25ను 30,000తో భాగించినంత, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయం.

స్టార్టయి, ఓ పావుగంట బాగా నడిచి, ఆగిపోయే ఇంజిన్ సంగతి వేరు. స్పార్కు బాగుంది కాబట్టే పావుగంట నడిచింది. ట్యాంకు మూత మీద గాలి మర ఒకటి ఉంటుంది. ఒడ్డున బోటు తోసేటప్పుడు చిందకుండా దాన్ని మూస్తారు, తెరవడం మరిచిపోతారు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం తగ్గి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత తెరవగానే ఉస్సుమని గాలి పీల్చుకుంటే జబ్బు దొరికినట్టే. అది కాకపోతే ఇంజిన్ నీరసపడుతున్నప్పుడు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బంతిని నొక్కి చూడాలి. నొక్కుతుంటే ఇంజిన్ కోలుకుంటే ఇంధనం అందకపోవడమే కారణం: పంపులోని పొర చిరిగి ఉండాలి, లేదా వడపోతలో చెత్త ఉండాలి, లేదా గొట్టం ఎక్కడో గాలి పీలుస్తుండాలి. ఇంకో పరీక్ష చోక్ లాగి చూడటం. చోక్ కొంచెం లాగితే ఇంజిన్ బాగా నడిచిందంటే మిశ్రమం పలచబడి ఉంది. లాగగానే చచ్చిందంటే అప్పటికే చిక్కగా ఉంది. ఈ రెండు పరీక్షలకూ పానా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, నడిసముద్రంలో కూడా చేయవచ్చు. మా ఉద్దేశంలో బోటు ఎక్కే ప్రతివాడికీ ఈ రెండూ తెలియాలి.

కార్బొరేటర్ విప్పితే జెట్టులో తీగ గుచ్చకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకంత పెరిగినా లెక్క మారిపోతుంది. శుభ్రం చేసే ద్రవంలో నానబెట్టి గాలి ఊదితే చాలు.

నడుస్తోంది కానీ బలం లేదన్నప్పుడు కంప్రెషన్ చూడాలి. ప్లగ్గులన్నీ తీసి, వాటి వైర్లను లోహానికి ఆనించి కట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, ముల్లు ఇక ఎక్కనంతవరకు తాడు లాగాలి. వచ్చిన అంకె కన్నా రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి 120, రెండోది 115 ఉంటే చింత లేదు. 120, 85 వచ్చాయంటే రెండోదానిలో రింగులో పిస్టనో అరిగింది. అలాంటి ఇంజిన్‌కు కార్బొరేటర్ మరలు ఎంత తిప్పినా లాభం లేదు. మరలు తిప్పడం అందరికీ సరదా, గేజి పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఒక్కోసారి ఇంజిన్‌లో ఏ లోపమూ ఉండదు. మోత పెరుగుతుంది, బోటు మాత్రం కదలదు. ప్రొపెల్లర్ నడుమ ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. చిన్న ఇంజిన్లలో దాని బదులు మెత్తటి లోహపు పిన్ను ఉంటుంది. రాయికి తగిలితే గేర్లు విరగకుండా అవి జారడానికో తెగడానికో పెట్టారు. పిన్ను తెగితే కొత్త పిన్ను వేయాలి, గట్టిగా ఉంటుందని ఇనుప మేకు వేయకూడదు. మేకు తెగదు, గేరు తెగుతుంది. అక్కడే షాఫ్టు చుట్టూ నైలాన్ దారం చుట్టుకుందేమో కూడా చూడాలి. వల దారం లోపలికి పోయి ఆయిలు సీలును కోస్తుంది, గేరు పెట్టెలోకి ఉప్పునీరు చేరుతుంది. గేరు ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే అదే సంగతి.

ఇప్పుడు అసలు సర్దుబాటుకు వద్దాం. దానికి ఒక వరస ఉంది: కంప్రెషన్, స్పార్కు, స్పార్కు సమయం, దాన్నీ కార్బొరేటర్‌నూ కలిపే లింకు, ఆ తర్వాతే కార్బొరేటర్. యాక్సిలరేటర్ తిప్పుతుంటే స్పార్కు సమయం ముందుకు జరగడమూ కార్బొరేటర్ తలుపు తెరుచుకోవడమూ ఒకదానికొకటి జతగా సాగాలి. లింకు అరిగి తలుపు ముందే తెరుచుకుంటే ఇంజిన్ దగ్గుతుంది, జనం ఆ దగ్గును మర తిప్పి మాన్పాలని చూస్తారు.

నిదాన వేగానికి ఉన్న మరను మెల్లగా లోపలికి బిగించి, తగిలీ తగలగానే ఆపి, పుస్తకంలో చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పాలి. సాధారణంగా ఒకటింపావు, ఒకటిన్నర చుట్లు ఉంటాయి. ఒక చిక్కు ఉంది. కొన్ని కార్బొరేటర్లలో ఆ మర పెట్రోలును కొలుస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. కొన్నింటిలో గాలిని కొలుస్తుంది, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. ఏ రకమో తెలియకుండా ముట్టుకోకూడదు. ఇంజిన్ వేడెక్కాక, బోటు నీళ్ళలో కట్టేసి ఉండగా, గేరులో పెట్టి, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున పలచన వైపు తిప్పి, ప్రతిసారీ పది పదిహేను సెకన్లు ఆగాలి. క్రాంక్ గదిలో అప్పటికే ఉన్న మిశ్రమం అయిపోతే గాని మార్పు బయటపడదు. పలచన ఎక్కువైతే ఇంజిన్ కార్బొరేటర్ నోటితో ఫట్టుమని తుమ్ముతుంది. చిక్కన ఎక్కువైతే పొగ కక్కుతూ తడబడుతుంది. ఆ రెంటి మధ్య, కాస్త చిక్కన వైపే ఆపాలి. తర్వాత యాక్సిలరేటర్ ఒక్కసారి తెరిచి చూడాలి. తడబడితే ఇంకాస్త చిక్కబరచాలి.

పూర్తి వేగంలో ఈ మర ప్రభావం చాలా తక్కువ. అక్కడ లెక్క పెద్ద జెట్టుది. నీళ్ళ డ్రమ్ములో పెట్టి పూర్తి వేగం పరీక్షించడం ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. డ్రమ్ములో బరువు లేదు. నలుగురు మనుషులు, వల, మంచు పెట్టెలతో ఎదురుగాలిలో పోయేటప్పుడు ఇంజిన్ మోసే బరువు వేరు. పూర్తి వేగాన కొంత దూరం పోయి, వేగం తగ్గించకుండా ఒక్కసారి ఇంజిన్ ఆపి, ప్లగ్గులు విప్పి చూస్తే ఆ వేగంలోని రంగు దొరుకుతుంది. నెమ్మదిగా ఒడ్డుకు వచ్చి విప్పితే కనబడేది నిదాన వేగపు మసే.

మా మిత్రుడి చిన్నాన్న ఇంజిన్ కథ ఇక్కడ చెప్పాలి. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని ఎవరో సలహా ఇస్తే పెద్ద జెట్టు తీసి ఒక సైజు చిన్నది వేయించారు. మొదటి వారం అందరూ మెచ్చుకున్నారు. పొగ తగ్గింది, మోత స్ఫుటంగా ఉంది, పెట్రోలు మిగిలింది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం, వేట ముగించి నిండు బరువుతో తిరిగి వస్తుంటే ఇంజిన్ కాసేపు ఎన్నడూ లేనంత చురుగ్గా పరిగెత్తి, సన్నగా కీచుమని, బిర్రబిగుసుకుపోయింది. ఇంకో బోటు కట్టి లాక్కొచ్చేసరికి రాత్రయింది, మంచు కరిగి చేప పాడయింది. సిలిండర్ తెరిస్తే పొగ బయటికి పోయే వైపున పిస్టన్ మీద నిలువు గీతలు, సిలిండర్ గోడకు అతుక్కున్న అల్యూమినియం. ఆ వైపే అన్నిటికన్నా వేడి, అక్కడే ముందు ఆయిలు పొర తెగింది. "ఇంజిన్ బాగా పాడుతోందిరా అంటే భయపడాలి" అన్నాడు మేస్త్రి ఆ పిస్టన్ మా చేతికిస్తూ. పలచటి మిశ్రమం విరిగిపోయే ముందు హుషారుగానే ఉంటుంది. వారం రోజుల్లో మిగిలిన పెట్రోలు డబ్బు కొత్త పిస్టన్‌లో పదో వంతు కూడా కాలేదని మా మిత్రుడు లెక్క కట్టాడు. సిలిండర్ బోరు పట్టించిన ఖర్చు అందులో కలపలేదు.

జెట్టు మార్చకపోయినా మిశ్రమం పలచబడే దారులు వేరే ఉన్నాయి. కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చిరిగినా, క్రాంక్ సీలు అరిగినా దొంగగాలి లోపలికి పోతుంది. నిదానంలో ఇంజిన్ వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే మరల జోలికి పోకుండా ముందు దొంగగాలిని వెతకాలి.

నీటి సంగతి. ఇంజిన్ కాలు లోపల రబ్బరు రెక్కల పంపు ఒకటి సముద్రపు నీటిని పైకి తోస్తుంది. ఇంజిన్ వెనక సన్నని ధార బయటికి పడుతుంటే పంపు పనిచేస్తున్నట్టు. ధార సన్నబడితే వెంటనే కంగారు పడక, ఆ చిన్న రంధ్రంలో గట్టి నైలాన్ దారం గుచ్చి చూడాలి. చాలాసార్లు ఇసుకే. అయినా రాకపోతే ఇంజిన్ ఆపాల్సిందే. నీళ్ళు లేకుండా కొద్ది సెకన్లు తిప్పినా రబ్బరు రెక్కలు కాలిపోతాయి. రెండు నెలలు వాడకుండా ఉంటే అవి వంగిన రూపంలోనే బిగుసుకుంటాయి కనుక నిషేధం ముగిసేముందు కొత్తవి వేయడం మేలు. పని అయిన ప్రతిసారీ మంచినీటితో లోపల కడగాలి. ఉప్పునీరు బాగా వేడెక్కితే దారుల్లో ఉప్పు పేరుకుంటుంది. బోటు ఇంజిన్ థర్మోస్టాట్లు కారు ఇంజిన్ కన్నా బాగా తక్కువ వేడికే, 50 డిగ్రీల చుట్టుపక్కలే, తెరుచుకునేలా చేయడానికి కారణం అదే.

మనలాంటి విద్యార్థులు ఈ పని చేయాలంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. ఒడ్డున ఇంజిన్ తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున నిలిచి ఉంటుంది, ముక్కుకు తెలిసేలోపే రవ్వకు తెలుస్తుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదు.

చివరగా మునిగిన ఇంజిన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పటి సంగతులు రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటప్పుడు, లేదా కెరటానికి బోటు తిరగబడ్డప్పుడు, ఇంజిన్ ఉప్పునీటిలో పడుతుంది. నీటిలో ఉన్నంతసేపటి కన్నా, పైకి తీసి గాలి తగిలిన తర్వాతే తుప్పు వేగంగా పడుతుంది. కాబట్టి తీసిన వెంటనే మంచినీటితో లోపలా బయటా కడిగి, ప్లగ్గులు తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా వంచి, మెల్లగా ఫ్లైవీల్ తిప్పి నీరు కార్చాలి. తిరగడం గట్టిగా ఉంటే బలవంతం చేయకూడదు, లోపల ఇసుక ఉండొచ్చు, కడ్డీ వంగి ఉండొచ్చు. నీరు పోయాక సిలిండర్లలో ఆయిలు పోసి తిప్పి, కార్బొరేటర్ శుభ్రం చేసి, కొత్త పెట్రోలుతో ఆ రోజే స్టార్ట్ చేసి అరగంటైనా నడపాలి. ఆ రోజు మేస్త్రి దొరక్కపోతే ఇంజిన్‌ను ఎండలో ఆరబెట్టకూడదు. పెద్ద డ్రమ్ములో మంచినీరు నింపి, అతను వచ్చేదాకా అందులోనే ముంచి ఉంచాలి.